మొదటి రోజు దాచిన తలనొప్పి: ఒక హంప్తా పాస్ కేస్ స్టడీ

బెంగళూరు నుంచి హిమాలయాలకి ట్రెక్ బ్యాచ్‌లు తీసుకెళ్లడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లు దాటింది, మా బ్యాచ్‌ల్లో ఎక్కువమంది మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మన తెలుగువాళ్లే. ప్రమాదం జరిగిన ట్రెక్‌ల గురించి అందరూ రాస్తారు. ఇందులో ప్రమాదం జరగలేదు, జరగబోయి ఆగిందేమో అంతే. కానీ తర్వాత కూర్చుని గంట గంటా వెనక్కి వెళ్లి చూసుకుంటే, ఆ రోజు తప్పు మొదలైంది పొద్దున మనాలీలో నేనిచ్చిన బ్రీఫింగ్‌లో అని తేలింది. కొత్తగా ట్రెక్ లీడ్ చేస్తున్నవాళ్లకి పనికొస్తుందని మొత్తం రాస్తున్నా. సంబంధించిన మనిషిని అడిగి, ఒప్పుకున్నాకే రాస్తున్నా, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చా, సంవత్సరం చెప్పట్లేదు. ఇంకోటి, నేను డాక్టర్ని కాదు, ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్ తీసుకున్న ట్రెక్ లీడర్ని, మందుల విషయంలో మా డాక్టర్ ముందే రాసిచ్చిన ప్రోటోకాల్ దాటి ఏదీ ఇవ్వను.

నేపథ్యం

14 మంది బ్యాచ్. అందులో ఒకాయన వయసు నలభై దాటింది, ఐటీలో పెద్ద పొజిషన్, తన బావమరిదితో కలిసి వచ్చాడు. ఆ కుర్రాడు ఎయిర్‌పోర్ట్ నుంచే "బావా, బావా" అంటుంటే డెల్లీలో బస్ ఎక్కే టైమ్‌కి మొత్తం బ్యాచ్‌కి ఆయన బావ అయిపోయాడు, ఇక్కడ కూడా అదే పేరు వాడతా. మంచి ఫిట్‌నెస్ ఉన్న మనిషి. మూడు నెలల నుంచి వారానికి రెండుసార్లు నంది హిల్స్ మెట్లు ఎక్కాడు, 5 కిలోమీటర్లు 32 నిమిషాల్లో పరిగెత్తి స్క్రీన్‌షాట్ పంపాడు. మెడికల్ ఫామ్‌లో బీపీ లేదు, షుగర్ లేదు, రోజూ వేసుకునే మందులు లేవు. మా ప్రిపరేషన్ గ్రూప్‌లో మిగతావాళ్లకి ధైర్యం చెప్పింది కూడా ఆయనే.

హంప్తా అంటే హిమాచల్‌లో మనాలీ దగ్గరున్న ఒక కొండ కనుమ, ఆ రూట్ తెలియనివాళ్లకి చెప్తా. బెంగళూరు సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. శుక్రవారం పొద్దున ఫ్లైట్, సాయంత్రం డెల్లీలో వోల్వో, రాత్రంతా ప్రయాణం, శనివారం పొద్దున 9కి మనాలీ, అది 2,050 మీటర్లు. టిఫిన్ చేసి, బ్యాగులు సర్ది, ప్రీణి దగ్గర నుంచి అలైన్ దుహంగన్ హైడ్రో ప్రాజెక్ట్ వైపు వెళ్లే రోడ్డు ఎక్కుతాం, నలభై దాకా హెయిర్‌పిన్ మలుపులు, మధ్యాహ్నానికి జోబ్రా, దాదాపు 9,800 అడుగులు. అక్కడి నుంచి రాణీ నాలా అనే వాగు పక్కనే గంటన్నర, రెండు గంటలు నడిస్తే చికా క్యాంప్, 10,100 అడుగులు, అంటే దాదాపు 3,080 మీటర్లు. నడక చాలా ఈజీ, చెట్ల నీడ, పక్కనే నీళ్ల చప్పుడు, పిల్లలు కూడా నడుస్తారు, అసలు సమస్య అక్కడే ఉంది. కాళ్లకి కష్టం తెలియదు కాబట్టి మనం ఎంత ఎత్తుకొచ్చామో ఒంటికి తెలిసినా మనసుకి తెలియదు. ఒకటిన్నర రోజులో 2,000 మీటర్లకి పైన ఎక్కేశాం, అందులో దాదాపు అంతా బండిలో కూర్చునే. చికాలో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే 70 శాతమే ఉంటుంది, అంటే ఒక్కో శ్వాసలో దొరికే ఆక్సిజన్ కూడా అంతే. నంది హిల్స్ మెట్లు కాళ్లని తయారుచేస్తాయి, దీనికి తయారుచేయవు. ఫిట్‌గా ఉన్నవాళ్లకి ఏఎంఎస్, అంటే ఎత్తు పడక వచ్చే జబ్బు, రాదని ఏమీ లేదు.

ఇప్పుడు బ్రీఫింగ్ సంగతి. మనాలీలో హోటల్ ముందు అందరినీ గుండ్రంగా నిలబెట్టి నేను అన్న మాట ఇది, మార్చకుండా రాస్తున్నా: "ఒక్క విషయం క్లియర్‌గా చెప్తున్నా, ఆక్సిజన్ రీడింగ్ 80 కన్నా కింద పడినా, తలనొప్పి తగ్గకపోయినా అక్కడి నుంచే వెనక్కి పంపించేస్తా, బతిమాలినా వినను." చాలా ఏళ్లుగా ఇదే చెప్పేవాణ్ని. గట్టిగా ఉంటేనే జనం సీరియస్‌గా తీసుకుంటారని నా నమ్మకం.

అందరూ తలలూపారు. బావ కూడా ఊపాడు. ఆ టైమ్‌కే ఆయనకి తలనొప్పి మొదలైందని నాకు తెలిసింది రాత్రి తొమ్మిదింటికి.

సాయంత్రం కనబడింది

దారిలో హెయిర్‌పిన్‌ల దగ్గర ఆయన ఒకసారి బండి ఆపించి వాంతి చేసుకున్నాడు. ఆయనతో పాటు ఇంకో ఇద్దరు కూడా, కాబట్టి మలుపుల వల్లే అనుకున్నాం. జోబ్రాలో లంచ్‌లో మళ్లీ హుషారుగానే ఉన్నాడు, ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ సీసా తీసి ప్రతి ప్లేట్ దగ్గరికీ వెళ్లి తనే వడ్డించాడు, వద్దన్నవాళ్లకి కూడా.

సాయంత్రం 5కి చికాలో మెడికల్ చెక్ పెట్టా. డైనింగ్ టెంట్ ముందు అందరూ వరసగా, ఒక్కొక్కరూ ముందుకొచ్చి వేలు పెట్టడం, నేను రీడింగ్ పైకి చదవడం, అసిస్టెంట్ రాసుకోవడం. బావకి ఆక్సిజన్ 91, పల్స్ 96. ఆ ఎత్తులో 90కి అటూ ఇటూ మామూలే. "తలనొప్పి?" "లేదు తమ్ముడూ." "వికారం?" "అబ్బే." షీట్ మీద అన్నీ సున్నాలే. ఆయనకే కాదు, 14 మందికీ సున్నాలే, అది చూసి నాకు సంతోషం వేసింది. ఒకటిన్నర రోజులో అంత ఎత్తుకొచ్చిన 14 మందిలో ఒక్కరికీ చిన్న తలనొప్పి కూడా లేకపోవడం ఏంటని అప్పుడే అనుమానం రావాలి. రాలేదు.

అనుమానం వచ్చింది డిన్నర్ దగ్గర. రెండు విషయాలు కనబడ్డాయి. ఒకటి, రాజ్మా చావల్ ప్లేట్‌లో పెట్టుకున్నాడు, అన్నం కలిపాడు, కలిపిన ముద్దల్ని నెమ్మదిగా ప్లేట్ అంచుకి జరుపుతూ పోయాడు, చుట్టూ ఒక గోడలా కట్టినట్టయింది, మధ్యలో ఖాళీ అయింది కాబట్టి తినేసినట్టు కనబడుతోంది. ఆవకాయ సీసా పక్కనే ఉంది, మూత తీయలేదు. మధ్యాహ్నం ఊరందరికీ వడ్డించిన మనిషి. రెండోది, తిన్నాక బయట రాయి మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుకోవాలి, అందరూ వంగి విప్పుకుని టెంట్లలోకి వెళ్లిపోతున్నారు, ఈయన మాత్రం మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. చివరికి ఒక కాలు ఎత్తి రెండో మోకాలి మీద పెట్టుకుని, మెడ నిటారుగా ఉంచి, తల వంచకుండా చేత్తో తడుముతూ లేసు లాగాడు. తల వంచితే పోటు వచ్చేవాళ్లు చేసే పని అది. చాలామందిలో చూశా.

చేసినవి, పనిచేయనివి

మొదట దగ్గరికెళ్లి అడిగా, "బావ గారూ, ఎలా ఉంది, తలనొప్పి ఏమైనా?" చుట్టుపక్కల అయిదారుగురు ఉన్నారు. "సూపర్ తమ్ముడూ, ఫుల్ ఎంజాయ్" అన్నాడు. అంతమందిలో అలా అడగడమే తప్పు, అడిగిన క్షణంలోనే ఆయన చెప్పాల్సిన జవాబు కూడా నేనే నిర్ణయించేసినట్టయింది.

తర్వాత ఆక్సీమీటర్ తీశా. చేతులు చల్లగా ఉంటే రీడింగ్ తప్పొస్తుంది కాబట్టి కాసేపు రెండు అరచేతులూ రుద్దించి పెట్టా. 87. నేనేం అనకముందే ఆయన స్క్రీన్ తన వైపు తిప్పుకుని చూశాడు, చూసి గట్టిగా లోపలికి గాలి పీల్చడం మొదలుపెట్టాడు, అర నిమిషంలో 93. "చూశావా, చల్లదనం వల్ల" అన్నాడు. నిజం చెప్తున్నా, ఆ 93 చూసి నేను దాదాపు వెళ్లిపోయా. గట్టిగా ఊపిరి తీస్తే ఎవరికైనా పెరుగుతుంది, ఆ సంగతి నాకూ తెలుసు, అయినా అంకె మంచిగా కనబడితే మనసు దాన్నే పట్టుకుంటుంది. ఇప్పుడైతే స్క్రీన్ నా వైపే ఉంచి, కబుర్లు చెప్తూ ఒక నిమిషం ఆగి, అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబడిన అంకె రాసుకుంటున్నా.

మూడోది, నీళ్లు. ట్రెక్‌లో ఏదొచ్చినా మనందరం చెప్పే మాట "నీళ్లు బాగా తాగండి" అనే కదా, లీటర్ నీళ్లలో ఓఆర్‌ఎస్ కలిపి ఇచ్చా. సగం తాగాడు, కడుపు ఉబ్బరంగా ఉందని పక్కన పెట్టాడు, వికారం ఇంకా పెరిగిందని తర్వాత చెప్పాడు. ఒంట్లో నీళ్లు తగ్గితే తలనొప్పి వస్తుంది, అది నిజమే, కానీ బలవంతంగా ఎక్కువ తాగిస్తే ఎత్తు జబ్బు ఆగదు. మా లోకల్ గైడ్ వెల్లుల్లి సూప్ చేయించి తెచ్చాడు, ఆ కొండల్లో అందరూ నమ్మేదే, దాని మీద నాకు గౌరవం ఉంది, వేడిగా కాస్త లోపలికి వెళ్తుంది, కానీ రెండు చెంచాలకి మించి ఆయన తాగలేకపోయాడు.

నాలుగోది, బావమరిదిని పక్కకి పిలిచి అడిగా. "ఏం లేదన్నా, బావకి అలసట అంతే" అన్నాడు, అని నా మొహం చూడకుండా టార్చ్ బటన్ నొక్కుతూ నిలబడ్డాడు. పాపం ఆ కుర్రాణ్ణి అలా ఇరికించకూడదు, బావ మాట కాదని నాకు చెప్పమంటే ఎలా చెప్తాడు. అక్కడ నాకు విషయం వెలిగింది. ఇద్దరూ నన్ను చూసి భయపడుతున్నారు. పొద్దున నేనన్న మాటని ఇద్దరూ బాగా గుర్తుపెట్టుకున్నారు.

టెంట్‌లో

9 గంటలకి రెండు గ్లాసుల్లో పల్చటి టీ పట్టుకుని వాళ్ల టెంట్‌కి వెళ్లా. బావమరిదిని కిచెన్ టెంట్‌కి పంపించా, అక్కడ వెచ్చగా ఉంటుందని చెప్పి. లోపల కూర్చున్నాక ఆక్సీమీటర్ తీయలేదు, షీట్ తీయలేదు. నా రెండో ట్రెక్ సంగతి చెప్పా, నేను లీడర్ కాకముందు, తలనొప్పి రెండు రోజులు దాచి మూడో రోజు నేల మీద సరిగ్గా అడుగు పడక తూలితే ఇద్దరు పోర్టర్లు పట్టుకుని కిందకి దింపిన సంగతి. ఇది కట్టుకథ కాదు, ఆ భయం నాకు ఇంకా ఉంది. చెప్పాక ఇలా అన్నా: "పొద్దున నేనన్నది తప్పు. చెప్పినందుకు మిమ్మల్ని వెనక్కి పంపను. నాకు తెలియకుండా ఉంటేనే పంపాల్సి వస్తుంది, ఎందుకంటే అప్పుడు నా దగ్గర లెక్క ఉండదు." తర్వాత, తలనొప్పి ఉందా అని అడగలేదు. "పొద్దున్నుంచి ఏ మాత్రలు వేసుకున్నారు, ఎన్నింటికి?" అని అడిగా.

కాసేపు టీ గ్లాసు వైపే చూశాడు. "మూడు డోలోలు తమ్ముడూ. మనాలీలో దిగగానే ఒకటి, జోబ్రాలో తిన్నాక ఒకటి, నీ చెక్‌కి గంట ముందు ఒకటి."

అంటే నా 5 గంటల చెక్‌లో సున్నా ఎలా వచ్చిందో అర్థమైంది, మాత్ర బాగా పనిచేస్తున్న టైమ్‌కి అడిగా. పైగా ఇంకో లోపం ఉంది. జోబ్రా చేరింది 12 దాటాక, ఎత్తు పడని లక్షణాలు బయటపడటానికి మామూలుగా 6 నుంచి 12 గంటలు పడుతుంది, ఏఎంఎస్ తీవ్రతని అంకెల్లో కొలిచే లేక్ లూయిస్ స్కోర్‌ని 2018లో మార్చినప్పుడు కూడా ప్రయాణ బడలికతో కలిసిపోకుండా ఎత్తుకొచ్చిన 6 గంటల తర్వాతే చూడమన్నారు. నేను 5 గంటలకే చూసి ఫైల్ మూసేశా.

ఇంకా అడుగుతూ పోతే అసలు సంగతి బయటకొచ్చింది. ఇంట్లో రోజుకి అయిదు గ్లాసుల ఫిల్టర్ కాఫీ తాగే మనిషి. కాఫీ ఒంట్లో నీళ్లు లాగేస్తుంది, ఎత్తులో ప్రమాదం అని ఎక్కడో చదివి శుక్రవారం తెల్లారుజామున బయల్దేరే ముందు తాగిన గ్లాసే ఆఖరుది అనుకుని మానేశాడు. లెక్కేసుకోండి, మనాలీలో తలనొప్పి మొదలయ్యేసరికి ఇరవై ఎనిమిది గంటలు. కాఫీ మానేసినవాళ్లకి తలనొప్పి వచ్చేది ఆఖరి కప్పు తర్వాత 12 నుంచి 24 గంటల్లో, తీవ్రమయ్యేది ఒకటి రెండు రోజుల మధ్య. అలవాటున్నవాళ్లు కొండ ఎక్కేముందు కాఫీ మానాల్సిన అవసరం అసలు లేదు, మానితే ఇలా లెక్క మొత్తం తారుమారవుతుంది.

"మరి ఎందుకు చెప్పలేదు సార్?" అన్నా. నాలుగు రోజుల సెలవు కోసం ఎంత కష్టపడ్డాడో, ఇంట్లో కూతురికి పాస్ మీద ఫోటో తెస్తానని ఎలా మాటిచ్చాడో చెప్పాడు, చివర్లో "మొదటి రోజే దిగిపోతే మావాడి ముందు ఏం బాగుంటుంది" అన్నాడు. మావాడు అంటే బావమరిది. ఇదంతా నిజమైన బరువే, తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు.

రాత్రి లెక్కలు

నా ముందు మూడు కారణాలున్నాయి: ఒకటి కాఫీ మానడం, రెండోది ప్రయాణం వల్ల నిద్రలేమి, తిండిలేమి, వాంతి, మూడోది ఏఎంఎస్. తలనొప్పి 2,050 మీటర్ల దగ్గరే మొదలైంది, 2,500 లోపు ఏఎంఎస్ రావడం అరుదు, కాబట్టి మొదలు మాత్రం ఎత్తు వల్ల కాదు అని గట్టిగా అనిపించింది. కానీ మొదలైన కారణం, కొనసాగుతున్న కారణం ఒకటే కానక్కర్లేదు. కాఫీ తలనొప్పి మీద ఏఎంఎస్ వచ్చి కూర్చుంటే బయటికి రెండూ ఒకటే తలనొప్పి. అందుకని ఏఎంఎస్ కాదని తేలేదాకా ఏఎంఎస్ అనే పద్ధతిలోనే వెళ్లాలి అని పెట్టుకున్నా.

స్కోర్ వేశా. తలనొప్పి 2, కడుపు 1, నీరసం 1, తల తిరగడం 0. మొత్తం 4. తలనొప్పితో కలిపి 3 వస్తే చాలు ఏఎంఎస్ లెక్కలోకి వస్తుంది, 3 నుంచి 5 దాకా మైల్డ్. బయట హెడ్ టార్చ్ వెలుగులో మడమకి కాలివేలు ఆనించి గీత మీద నడిచినట్టు పది అడుగులు వేయించా, తిప్పి మళ్లీ పది. తూలలేదు. కూర్చున్నప్పుడు ఆయాసం లేదు, దగ్గు లేదు, మాట స్పష్టంగా ఉంది. తూలడం అంటే ఎత్తు వల్ల మెదడు వాస్తోందనడానికి గుర్తు, అది కనబడి ఉంటే అర్ధరాత్రయినా దింపేవాణ్ని, అందులో రెండో ఆలోచన ఉండేది కాదు.

కాఫీ ఇవ్వాలా వద్దా అని చాలా తర్జనభర్జన పడ్డా. ఇస్తే నిద్ర పాడవుతుంది, రెండు రాత్రులు నిద్రలేని మనిషి. ఇవ్వకపోతే రాత్రంతా ఏ తలనొప్పో తెలియకుండా గడపాలి. బ్రూ సాచెట్ ఒకటి వేడినీళ్లలో కలిపి అర గ్లాసు ఇచ్చా, మాత్ర మాత్రం ఇవ్వలేదు, ఒకేసారి రెండూ ఇస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు. నలభై నిమిషాల తర్వాత పదికి ఆరు ఉన్న నొప్పి మూడుకి దిగింది, మొహంలో కండరాలు వదులైనట్టు కనబడింది. వంటతను చేసిన కిచిడీ చిన్న గిన్నెడు తిన్నాడు, ఈసారి ఆవకాయ మూత తీశాడు.

అయినా దాన్ని రుజువు అనుకోలేదు. కాఫీ వేరే తలనొప్పుల్ని కూడా కొంత తగ్గిస్తుంది. కాబట్టి రాత్రి 12కి, 3కి, 6కి లేపి చూడాలని పెట్టుకున్నా. లేచి వాంతి చేసుకున్నా, తూలినా, ఆయాసమొచ్చినా వెంటనే కిందకి. ఇక్కడ నా ప్లాన్‌లో పెద్ద కన్నం కనబడింది: మమ్మల్ని దింపిన బండ్లన్నీ మధ్యాహ్నమే మనాలీ వెళ్లిపోయాయి, చికాలో ఫోన్ కలవదు. జోబ్రా దాకా నడిపించుకుని తీసుకెళ్లినా అక్కడ బండి లేదు. రాత్రి పదింటికి హెల్పర్‌ని ఒకణ్ని, తోడు ఇంకొకణ్ని, ఫోన్ కలిసే చోటుకి దిగి ఒక బండి జోబ్రాకి పిలిపించి అక్కడే ఉంచమని పంపించా. వాళ్లు వెళ్లిన రెండు మూడు గంటలు నాకు జీవితంలో పొడుగైన గంటలు.

12కి బాగానే ఉన్నాడు. 3కి లేపితే నొప్పి మళ్లీ అయిదుకి వచ్చింది. నిద్రలో రీడింగ్ 83 ఉంది, నిద్రలో తగ్గడం మామూలే, లేచి కూర్చున్నాక 87. ఇదే ఆ రాత్రిలో నాకు కష్టమైన నిర్ణయం. కాఫీ ప్రభావం తగ్గిపోయిందా, లేక ఎత్తు ఇప్పుడు పట్టుకుందా? మళ్లీ పది అడుగులు నడిపించా, చలికి వణుకుతూనే సరిగ్గా నడిచాడు. వాంతి లేదు. దింపితే తప్పేం లేదు, కానీ నాలా పక్కన తడి రాళ్ల మీద చీకట్లో నిద్రమత్తు మనిషిని నడిపించడంలో కూడా ప్రమాదం ఉంది, కాలు జారితే అది ఏఎంఎస్ కన్నా ముందు ప్రాణం తీస్తుంది. తూలడం లేదు, లక్షణాలు మైల్డ్ దాటలేదు, బండి కింద సిద్ధంగా ఉంది, మూడు గంటల్లో తెల్లారుతుంది. ఉంచుదామని నిర్ణయించా. సల్ఫా మందుల అలర్జీ లేదని రెండుసార్లు అడిగి ప్రోటోకాల్ ప్రకారం ఎత్తు జబ్బుకి వాడే డయామాక్స్ 250 ఇచ్చా, నొప్పికి ఒక డోలో నేనే ఇచ్చి టైమ్ రాసుకున్నా. నిద్రపోకుండా టెంట్ బయట కూర్చున్నా. బావమరిది కూడా నా పక్కన వచ్చి కూర్చున్నాడు, ఏం మాట్లాడలేదు.

తెల్లారాక

6కి నొప్పి ఒకటి. ఆకలేస్తోందన్నాడు. ఆ మాట వింటే ఎంత తేలికపడ్డానో చెప్పలేను.

ఇప్పుడు బ్యాచ్‌ని ఏం చేయాలి? ఆ రోజు ప్లాన్ బాలూ కా ఘేరా, 11,900 అడుగులు, అంటే ఒక్క రోజులో పడుకునే ఎత్తు 550 మీటర్లు పెరుగుతుంది. 3,000 మీటర్లు దాటాక రోజుకి 500కి మించి పెంచొద్దని సిఫార్సు. లక్షణాలతో పైకి వెళ్లకూడదు కాబట్టి బావ ఉండిపోవడం ఖాయం. మిగతా 13 మందిని పంపి ఆయన్ని హెల్పర్‌తో ఉంచొచ్చు. కానీ నాకు రాత్రంతా ఒకటే ప్రశ్న తొలిచింది, ఈయన దాచాడంటే ఇంకెవరు దాచారు?

టిఫిన్‌కి ముందే ఒక్కొక్క టెంట్‌కీ వెళ్లి, ఒక్కొక్కరితో విడిగా, నిన్న మనాలీలో నేనన్నది తప్పని చెప్పి, అదే ప్రశ్న అడిగా: ఏ మాత్రలు, ఎన్నింటికి? నలుగురు చెప్పారు. ఇద్దరు నొప్పి మాత్రలు వేసుకున్నారు. ఒకమ్మాయి ఫామ్‌లో రాయకుండా ఫ్రెండ్ చెప్పిందని బెంగళూరు నుంచే డయామాక్స్ వాడుతోంది, వేళ్లు తిమ్మిర్లు వస్తున్నాయని భయపడుతోంది, అది ఆ మందు వల్లే. ఇంకొకతను ప్రయాణంలో వాంతులు రాకుండా వేసుకునే అవోమిన్ మాత్రలు రెండు వేసుకుని మత్తుగా ఉన్నాడు, ఆ రాత్రి అతన్ని లేపాల్సి వచ్చి లేవకపోయి ఉంటే మందు మత్తో మెదడు వాపో నేను ఎలా చెప్పగలిగేవాణ్ని? 14 సున్నాల షీట్‌లో అయిదు అబద్ధాలు. ఆ అయిదూ నేను నేర్పినవే.

వాతావరణం బాగోకపోతే వాడుకుందామని పెట్టుకున్న బఫర్ డేని అక్కడే, రెండో రోజే ఖర్చు పెట్టేశా. మొత్తం బ్యాచ్ చికాలోనే ఉంది, మధ్యాహ్నం బాగున్నవాళ్లని 200 మీటర్లు పైకి నడిపించి కిందకి తెచ్చా. ముగ్గురికి కోపమొచ్చింది, చంద్రతాల్ పోతుందని. నిజంగానే పోయింది, ఆ సరస్సు చూడకుండానే ఛత్రూ నుంచి అటల్ టన్నెల్ మీదుగా మనాలీ వచ్చేశాం. వాళ్ల కోపం న్యాయమే, కానీ ఆ నిర్ణయం మళ్లీ తీసుకోమన్నా అదే తీసుకుంటా.

బావకి పొద్దున ఒక కాఫీ, మధ్యాహ్నం ఒకటి. సాయంత్రానికి నొప్పి మాత్ర లేకుండా స్కోర్ సున్నా, ఈసారి నిజం సున్నా. మూడో రోజు బాలూ కా ఘేరా, తర్వాతి రోజు 14,000 అడుగుల పాస్ దాటాడు, నెమ్మదిగా, అందరికన్నా చివర. అది కాఫీనా, ఏఎంఎస్సా? నా అంచనా రాత్రి దాకా ఎక్కువ భాగం కాఫీ, మూడింటి తర్వాతది కొంత ఎత్తు. కాఫీ, డయామాక్స్, విశ్రాంతి మూడూ కలిశాయి కాబట్టి దేని వాటా ఎంతో విడదీయలేను.

బాలూ కా ఘేరాలో మరో సంగతి. బ్యాచ్‌లో అందరికన్నా వేగంగా నడిచే అమ్మాయి, మొదటి రోజు ఏ లక్షణం లేని అమ్మాయి, సాయంత్రం 4కి కిచెన్ టెంట్‌కి తనంతట తను వచ్చి "అన్నా, రెండుసార్లు వాంతయింది, తల పగిలిపోతోంది, ఎవరికీ చెప్పలేదు, మీకే చెప్తున్నా" అంది. స్కోర్ 7. వెలుతురు ఉండగానే అసిస్టెంట్ గైడ్‌తో చికాకి దింపేశా, పొద్దునకి కుదుటపడి మనాలీ చేరుకుంది. మొదటి రోజు బ్రీఫింగ్ మాట మీదే నేనుండి ఉంటే ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చేది కాదు.

మార్చినవి

బ్రీఫింగ్‌లో ఇప్పుడు అంకె ఏదీ చెప్పను. "తలనొప్పి చాలామందికి వస్తుంది, వస్తే చెప్పండి, చెప్పినవాళ్లకి ఒక రోజు ఆగడానికి ప్లాన్‌లోనే చోటుంది" అంటా, అది నిజం కూడా, ఎందుకంటే చోటు పెట్టాకే ఆ మాట అనడం మొదలుపెట్టా. అందరి ముందు చెక్ పెట్టడం పూర్తిగా మానేశాం, రాత్రి భోజనం అయ్యాక టెంట్ దగ్గరికి నేనే వెళ్తా, ముందు ఏం తిన్నారు, మూత్రం ఎన్నిసార్లు, తర్వాత మాత్రలు, తలనొప్పి అనే మాట చివర్లో. డైనింగ్ టెంట్‌లో నోట్‌బుక్ పక్కన పెట్టి ప్లేట్లు చూస్తా. మాత్ర వేసుకుంటే తప్పు లేదు, నాకు టైమ్ చెప్పాలి అంతే. కాఫీ టీ అలవాటున్నవాళ్లు మానొద్దని బెంగళూరులోనే చెప్తాం, మా కిచెన్ బ్యాగ్‌లో బ్రూ సాచెట్లు మందుల పెట్టెతో సమానంగా లెక్కపెట్టి పెడతాం. మొదటి రాత్రి జోబ్రాలో ఒక బండి ఆగుతుంది, దాని డబ్బు ప్యాకేజ్‌లో కలిపేశాం.

అన్నిటికన్నా కష్టమైన మార్పు మనాలీలో ఒక రాత్రి. దిగిన రోజే జోబ్రా ఎక్కడం మానేసి అక్కడ పడుకుని మర్నాడు బయల్దేరడం. బెంగళూరు ఉద్యోగాలకి ఒక్క రోజు సెలవు ఎంత పెద్దదో నాకు తెలుసు, అందరూ శని ఆదివారాలకి సెలవులు కలిపి ప్లాన్ చేసుకుంటారు. ఈ మార్పు పెట్టిన మొదటి బ్యాచ్‌లో ముగ్గురు అడ్వాన్స్ వెనక్కి తీసుకున్నారు, ఒక్క మాట అనకుండా ఇచ్చేశా. ఖాళీ అయిన మూడు సీట్లలో ఒకటి బావ తన కూతురి కోసం అడిగాడు. ఫామ్‌లో మందుల గడి దగ్గర ఆయన చేత్తో రాసి పంపాడు, రోజుకి రెండు గ్లాసుల టీ, ఉదయం 7కి, సాయంత్రం 5కి.